యెజ్డీ జీర్ణోద్ధరణ విధానం

పాత మోటారు సైకిల్‌ను భద్రపరచడానికి మన ఇళ్లలో తరతరాలుగా పాటిస్తున్న ఒక పద్ధతి ఉంది. బండిని పెరటి గోడ పక్కకో, వాన జల్లు సూటిగా తగిలే మెట్ల కిందికో చేర్చి, సెంటర్ స్టాండు వేసి, సీటు మీద గోనెపట్టా ఒకటి కప్పి, హ్యాండిల్ మీద తడిగుడ్డలు ఆరవేసుకునే హక్కును ఇంటిల్లిపాదికీ దఖలు పరచి, ఆపైన పాతికేళ్లపాటు దాని జోలికి వెళ్లకుండా ఉండటమే ఆ పద్ధతి. ఈ కాలమంతటా యజమాని నిర్వహించవలసిన బాధ్యత ఒక్కటే. పాత ఇనుప సామాన్లు కొనే మనిషి వీధిలోకి వచ్చి ధర అడిగినప్పుడల్లా, "అది అమ్మేది కాదయ్యా, బాగు చేయించాలి" అని గంభీరంగా చెప్పి సాగనంపాలి. ఆ మాట అన్న ప్రతిసారీ బండి సగం బాగుపడినట్లే లెక్క.

ఈ విషయాన్ని వివరించడానికి యెజ్డీ రోడ్‌కింగ్‌ను ఎంచుకున్నాను. బుల్లెట్ యజమానులు నొచ్చుకోనక్కర లేదు. వారి బండి ఇప్పటికీ తయారవుతూనే ఉంది గనుక చాలా సామాన్లు దుకాణంలో అడిగితే ఇస్తారు. డబ్బు చెల్లిస్తే తీరిపోయే కష్టాన్ని జీర్ణోద్ధరణ అనడం భావ్యం కాదు. యెజ్డీ సంగతి అలా కాదు. 1960లో మైసూరులో ఏర్పడిన ఐడియల్ జావా సంస్థ, చెకోస్లొవేకియాలోని జావా కంపెనీ లైసెన్సుతో బండ్లు తయారు చేసి, 1973 నుంచి వాటికి యెజ్డీ అని పేరు పెట్టి, 1978లో రోడ్‌కింగ్‌ను విడుదల చేసి, 1996లో తలుపులు మూసుకుంది. నిలుచుని ఉండగానే మడిచి గేరు రాడ్డుగా మార్చుకోదగిన కిక్కు రాడ్డు, క్లచ్చి నొక్కకుండానే గేరు మార్చగలిగే ఏర్పాటు, 250 సీసీకి కాస్త తక్కువైన ఒకే ఒక్క సిలిండరు, దానికి అటొకటి ఇటొకటి రెండు సైలెన్సర్లు. ఒకరు సంపాదిస్తుంటే ఇద్దరు ఖర్చు పెట్టే మన ఉమ్మడి కుటుంబ న్యాయాన్ని ఇంత నిష్ఠగా పాటించిన యంత్రం మరొకటి లేదు.

ఆరుబయట నిలిపిన బండిని నిర్లక్ష్యం చేశారని కొందరు తొందరపడి నిందిస్తారు. నిజానికి దానిని తుప్పు సంరక్షణలో ఉంచారు. అల్యూమినియం మీద ఏర్పడే పొర లోహానికి గట్టిగా అంటుకుని, అక్కడితో తన పని అయిపోయిందని ఊరుకుంటుంది. ఇనుము మీది తుప్పులో ఆ సంకుచితత్వం లేదు. అది ఉబ్బి, పెళుసుగా రాలి, కింది పొరకు కూడా గాలినీ తేమనూ అందించి, అందరికీ సమానావకాశం కల్పిస్తుంది. విశాఖ, కాకినాడ వంటి ఊళ్లలో ఉప్పుగాలి ఈ కార్యక్రమాన్ని వేగవంతం చేస్తుంది. అనంతపురంలో వాన తక్కువ గనుక రేకు కొంతకాలం నిలుస్తుంది గానీ, ఆ లోటును ఎండ తన శాఖ తరఫున పూడ్చి, సీటును, టైర్లను, రబ్బరు గొట్టాలను పగలగొట్టి పెడుతుంది. సైలెన్సరులో కందిరీగలు మట్టితో గూళ్లు కట్టుకుంటాయి. వైరింగును ఎలుకలు పరిశీలిస్తాయి. ప్రభుత్వ శాఖల మధ్య ఇంతటి సమన్వయాన్ని నేను ఎన్నడూ చూడలేదు.

ఇంత సవ్యంగా సాగుతున్న పనికి 2018లో విఘాతం కలిగింది. ఆ ఏడాది క్లాసిక్ లెజెండ్స్ అనే సంస్థ జావా పేరుతో కొత్త బండ్లను తెచ్చింది, 2022లో యెజ్డీ పేరునూ మళ్లీ వీధిలోకి దించింది. కొత్త యెజ్డీని చూసినప్పుడు జనానికి పాత యెజ్డీ గుర్తుకొచ్చింది. అంతవరకు పెరట్లో తుక్కుగా చలామణీ అయిన వస్తువు రాత్రికి రాత్రి వింటేజ్ అయింది. నాన్నగారు బతికి ఉండగా, బజారుకు వెళ్లినప్పుడు ఒక ప్లగ్గు తెచ్చిపెట్టమని ఆయన ఎన్నిమార్లు అడిగినా తీరిక చిక్కని కుమారులే, "అది నాన్నగారి జ్ఞాపకం" అంటూ గోనెపట్టా తొలగించి, తుప్పు పక్కన నిలబడి ఫోటోలు తీయించుకున్నారు. గుడ్డలు ఆరవేసుకునే హక్కు నోటీసు లేకుండానే రద్దయింది.

జీర్ణోద్ధరణలో తొలి ఘట్టం మెకానిక్కు దర్శనం. ఆయన బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, టైరును కాలితో తట్టి, "ఏముంది సార్, ప్లగ్గూ కార్బొరేటరూ క్లీన్ చేస్తే స్టార్టయిపోద్ది" అని సెలవిస్తారు. ఈ వాక్యంలోని ప్రతి పదమూ నిజమే. ప్లగ్గు ఉంది, కార్బొరేటరు ఉంది, శుభ్రం చేయడమూ సాధ్యమే. కానీ కిక్కు రాడ్డు మీద కాలు మోపినప్పుడు అది అంగుళమైనా దిగకపోవడంతో అంచనాకు మొదటి సవరణ వస్తుంది. ఇంజను జామయింది.

ఎందుకు జామయిందో చెప్పకుండా ముందుకు పోవడం యంత్రానికి అన్యాయం అవుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఆయిలు అడుగున నిలవ ఉంటుంది. యెజ్డీ టూ స్ట్రోక్ గనుక పిస్టను తిప్పే ఇరుసైన క్రాంకు బేరింగులకు అందే ఆయిలు పెట్రోలులో కలిసి రావలసిందే తప్ప మరో దారి లేదు. అంటే బండి ఆగిన రోజునే వాటికి రేషను కూడా ఆగిపోయింది. సైలెన్సరు గుండా, కార్బొరేటరు గుండా సిలిండరు గోడలోని పోర్టులనే రంధ్రాలలోకి చేరిన తేమ, పోత ఇనుప సిలిండరు గోడకూ పిస్టను రింగులకూ మధ్య విడదీయరాని బంధం కలిపింది. దీనికి శాస్త్రోక్తమైన చికిత్స, ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో డీజిలో కిరసనాయిలో పోసి, అది రింగుల సందుల్లోకి ఇంకేదాకా రోజుల తరబడి ఆగడం. పాతికేళ్లు ఆగిన యజమాని ఈ కొద్ది రోజులూ ఆగలేడు. రెండో రోజు సాయంత్రానికే ఇంట్లో ఎవరో ఒక బావమరిది సుత్తీ, పొడవాటి ఇనుప గొట్టమూ పట్టుకుని ప్రత్యక్షమవుతాడు. సుత్తి వల్ల పిస్టను కదలదు గానీ, సిలిండరును చల్లబరచడానికి చుట్టూ ఉన్న ఫిన్నులనే రెక్కలలో రెండు విరిగి, మరమ్మతుల జాబితాలో ఒక కొత్త పద్దు చేరుతుంది.

చివరకు ఇంజను విప్పుతారు. విప్పడం జీర్ణోద్ధరణలో అత్యంత ఆనందకరమైన దశ, ఒక్క పూటలో ముగుస్తుంది. లేతు పనివాడి చేత సిలిండరు లోపలి గోడను కాస్త కోయించి బోరు చేయించాలి. దానికి తగిన ఓవర్‌సైజు పిస్టను, రింగులు కావాలి. క్రాంకును ప్రెస్సు మీద విడదీసి కనెక్టింగ్ రాడ్డు కిట్టు వేయించాలి. ఆయిలు సీళ్లు గట్టిపడి పెళుసెక్కాయి, బేరింగులు తిరగడం మానేశాయి, క్లచ్చి ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఒకే ప్లేటుగా ఏకమయ్యాయి. ఈ భాగాలన్నీ ఒక ప్లాస్టిక్ బుట్టలోకి చేరాక, బండి యజమాని ఇంట్లోనూ ఇంజను మెకానిక్కు షెడ్డులోనూ విడివిడిగా కాపురం ఉంటాయి. ఆ తర్వాత యజమాని ఎప్పుడు ఫోను చేసినా లేతు పనివాడు ఊరికి వెళ్లి ఉంటాడు. ఆంధ్రదేశంలో లేతు పనివారికి ఉన్నంత బంధుబలగం మరే వృత్తివారికీ లేదన్నది నా పరిశీలన.

ఈ లోపల ట్యాంకు సంగతి చూద్దామనుకుంటారు. అడుగున మిగిలిన పెట్రోలు ఎన్నడో ఆవిరై, జిగటగా, ముక్కుపుటాలు అదిరే వాసనతో ఒక బంకను మిగిల్చింది. ఆ బంక వారసులే కార్బొరేటరులోని సన్నని జెట్లను మూసి కూర్చున్నాయి. ట్యాంకులో గుప్పెడు నట్లూ గులకరాళ్లూ వేసి, వీధి వీధంతా వినబడేలా ఊపి, వెనిగరు పోసి రాత్రంతా నానబెట్టి, తెల్లవారి కడిగి, మొదటిసారి పెట్రోలు పోస్తారు. అప్పుడు ట్యాంకు అడుగున అరడజను చోట్ల నుంచి ధారలు కడతాయి. రేకు ఎన్నడో చిల్లులు పడింది, ఇన్నాళ్లూ ఆ చిల్లులను మూసి ట్యాంకును ట్యాంకుగా నిలబెట్టింది తుప్పే. అంతటి నమ్మకమైన సేవకుణ్ణి గులకరాళ్లతో కొట్టి వెళ్లగొట్టినవాళ్లు, ఇప్పుడు వెల్డింగు షాపు ముందు వరుసలో నిలబడటం ఎవరి తప్పు?

చిల్లులు పూడ్చాక పోసే పెట్రోలు కూడా ఆనాటిది కాదు. దేశంలో ఇప్పుడు ఎక్కువగా దొరికేది ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు. ఇథనాలుకు నీటిని పీల్చుకునే గుణమూ, పాతకాలపు రబ్బరును పాడుచేసే గుణమూ ఉన్నాయి. కాబట్టి ఆరుబయట వానకు తడిసి తుప్పు పట్టిన ట్యాంకు, ఇకపై ఇంట్లో గొళ్లెం వేసిన గదిలోనే, స్వయంసమృద్ధంగా లోపలి నుంచి తుప్పు పట్టగలదు. ప్రగతి అంటే ఇదే.

విడిభాగాల అన్వేషణ ఒక పుణ్యయాత్ర. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో మొదలై, చెన్నై పుదుప్పేట మీదుగా మైసూరు దాకా సాగుతుంది. ప్రతి మజిలీలోనూ ఒక పెద్దమనిషి గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి, "మైసూరు ఒరిజినల్ సార్, పాత స్టాకు" అంటూ నూనెకాగితంలో చుట్టిన వస్తువును చూపిస్తారు. కర్మాగారం నడిచిన రోజుల్లో తయారైన సామాను కంటే అది మూతపడ్డాక బయటపడిన ఒరిజినల్ సామానే ఎక్కువేమోనని నాకు అనుమానం. విడివిడిగా కొనడం కంటే సామాన్ల కోసం మరో చచ్చిన యెజ్డీని కొంటే చవక అని ఈ దశలో ఎవరో ఒక అనుభవజ్ఞుడు సలహా ఇస్తాడు. కొంటారు. ఇంటికి తెచ్చి చూస్తే అది మొదటి దాని కంటే మెరుగ్గా ఉంటుంది, విప్పడానికి చేతులు రావు. ఇప్పుడు రెంటికీ సామాన్లు కావాలి. ఇంటావిడ, "ఏమండీ, ఇది పిల్లలు పెట్టిందా?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

రంగు గురించి ఎక్కువ చెప్పను. బండి కర్మాగారంలో ఉన్ననాటి కంటే ఎక్కువ మెరవాలన్నది ఒక మతం, తుప్పు మరకలను అలాగే ఉంచి పైన వార్నిషు పూయడమే చరిత్రకు గౌరవమన్నది మరో మతం. ఈ రెండు మతాలవారికీ పెళ్లి సంబంధాలు కుదరవు.

అసలైన వైభవం చట్టంలో ఉంది. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో వింటేజ్ వాహనాలకు నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్లు దాటి ఉండాలి, అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్సులోనూ బాడీలోనూ ఇంజనులోనూ మార్పులు చేసే భారీ మరమ్మతు ఏదీ జరిగి ఉండకూడదు. ఈ చివరి షరతును రెండుసార్లు చదవండి. పెరట్లో చేయి పడకుండా నిలిచిన బండి ఈ నిబంధనను అక్షరాలా పాటించింది. లక్షలు పోసి బాగు చేయించిన బండే తాను మారలేదని అధికారికి నచ్చజెప్పుకోవాలి. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, అది చెల్లేది పదేళ్లు. అలా రిజిస్టరైన బండిని రోజువారీ అవసరాలకు నడపకూడదు. ప్రదర్శనకు, సాంకేతిక పరిశోధనకు, వింటేజ్ ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తీసుకువెళ్లవచ్చు. పెట్రోలు పోయించుకోవడానికి వెళ్లవచ్చునంటే, ఆ పెట్రోలును పెట్రోలు బంకు దాకా వెళ్లిరావడానికి ఖర్చు చేసుకోవచ్చునని అర్థం. పూర్వం ఈ బండి మీద పాలకు, బడికి, పొలానికి, అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లిన నాన్నగారు ఇంతటి ఉన్నత ప్రయోజనాలను ఊహించి ఉండరు.

యాభై నిండని బండ్లకు మామూలు దారి ఉంది. పదిహేనేళ్ల తర్వాత ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. కాకపోతే మూడక్షరాల పాత నంబరుతో ఉన్న సీ బుక్కు కావాలి, అందులో పేరున్న మనిషి సంతకం కావాలి. ఆ మనిషి వద్ద నాన్నగారు 1985 ప్రాంతంలో నమ్మకం మీద కొన్నారు. నమ్మకం ఇంకా చెక్కుచెదరలేదు గానీ, అమ్మినాయన లేరు.

ఇన్ని గండాలు దాటి బండి మొదటి కిక్కుకు కాకపోయినా పదో కిక్కుకు పలికిన నాడు, వీధి అంతా తెల్లని పొగ కమ్ముతుంది, యజమాని కళ్లు చెమరుస్తాయి, కారణం పొగేనని అందరూ మర్యాదగా ఒప్పుకుంటారు. ఆ సాయంత్రమే దానిని హాలులోకి ఎక్కించి, సోఫాను బయట పెట్టి, మెత్తని ముసుగు కప్పుతారు. ఇక బండికి ఎండ తగలకూడదు, దుమ్ము తగలకూడదు, మేనల్లుళ్లు అసలే తగలకూడదు. జావా, యెజ్డీ అభిమానులు అంతర్జాతీయ దినోత్సవంగా జూలై రెండో ఆదివారాన్ని పాటిస్తారు. యూరప్‌లో అది చక్కని ఎండాకాలం, మనకు ముసురు పట్టే వేళ. కాబట్టి ఆ ఉదయం తెలుగునాట పెక్కుమంది యజమానులు మేడ మీదికెక్కి మేఘాలను పరీక్షించి, పాతిక వర్షాకాలాలను ఒంటరిగా భరించిన బండికి ఒక్క చినుకైనా తగలడం క్షేమం కాదని తేల్చి, స్కూటరు మీద ర్యాలీకి వెళ్లి వస్తారు.

కావున ఆరుబయట రోడ్‌కింగులు ఉన్నవారికి ఈ వ్యాసకర్త విన్నపం ఏమంటే, తొందరపడవద్దు. 1978లో రిజిస్టరైన తొలి బండ్లకు 2028లో యాభై ఏళ్లు నిండుతాయి. 1996లో వెలువడిన చివరి బండ్లవారు 2046 దాకా ఆగాలి. ఈ రెండో వర్గంవారు తమ ఇంజనును ఇప్పుడే విప్పించి మెకానిక్కుకు అప్పగిస్తే, లేతు పనివాడు ఊరి నుంచి తిరిగివచ్చే సమయానికి గడువు సరిగ్గా సరిపోతుంది.