తొక్కలో ఆరోగ్యం

"తొక్కలో సలహాలు చెప్పకు" అని ఇకమీద ఎవరినీ తిట్టొద్దని మనవి. తొక్కకు రోజులొచ్చాయి. మామిడిపండు బరువులో మూడో వంతుకు పైగా తొక్కా టెంకేనట. పీచూ, పాలీఫినాల్స్ అనే ఒంటికి మేలుచేసే పదార్థాలూ గుజ్జులో కంటే తొక్కలోనే ఎక్కువట. ఇన్నాళ్లూ మనం రసం జుర్రుకుని, బలాన్ని పెంటకుప్ప మీద పారేశామన్నమాట.

విషయం తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు. హన్మకొండ చౌరస్తాలో జ్యూస్ బండి దగ్గరికి పోయి, కింద నీలం డ్రమ్ములోని బత్తాయి తొక్కలను భక్తిగా చూసి "అన్నా, ఇవన్నీ ఏం చేస్తవు?" అన్నా.

"బర్లకు సార్. పొద్దుగూకంగ పాలాయనొచ్చి ఎత్కపోతడు."

గుండె జారింది. జామ్ గడ్డకట్టేది ఆ తొక్క లోపలి తెల్లపొరలో ఉండే పెక్టిన్‌ లాంటి పీచుతోనే. కొలెస్టరాల్ కొంత తగ్గిస్తుందని కూడా తేలింది. అది ఏళ్ల తరబడి మా గల్లీ బర్లకు ఫ్రీగా అందుతోంది! వాటి నిగనిగకు కారణమేంటని ఇప్పటిదాకా ఒక్క ఛానలూ వాటిని అడిగిన పాపాన పోలేదు.

ఆదివారం బంగినపల్లి తొక్కలు తీసి, ఎల్లిపాయ, ఎండుమిర్చి వేసి రోట్లో నూరా. తొక్క తొక్కు! మా ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నా వంక కాసేపు చూసి, పప్పుగిన్నె దగ్గరికి జరుపుకుంది. తెల్లారేసరికి నా పెదాల చుట్టూ దద్దుర్లు. ముచ్చిక దగ్గరి సొన సరిగ్గా కడగలేదు మరి. ఆ కాయను కార్బైడ్‌తో మగ్గబెట్టారో, దాని మీద ఏ మందు కొట్టారో ఆ తొక్కకే తెలియాలి.

టెంకది ఇంకా పెద్ద హోదా. లోపలి జీడి కొవ్వు దాదాపు కోకో వెన్నలాగే కరుగుతుంది. చాక్లెట్‌లో 5 శాతం దాకా కలుపుకోవచ్చని యూరప్ 2000లో ఒప్పుకున్న ఆరు కొవ్వుల్లో అదొకటి. ఆ మరుసటేడే ఒడిశాలోని కాశీపూర్‌లో మామిడి జీడి జావ తాగిన ఆదివాసులు చనిపోయారు. ఆకలి చావులు కావు, తిండి వికటించిందంతే అని సర్కారు వాదించింది. వాళ్ల జీడికి రేపర్ లేదు.

సరే, జీడిపిండి డబ్బాల్లో పోసి ఆన్‌లైన్‌లో అమ్ముదామనుకుంటున్నానని మా అమ్మమ్మతో అన్నా.

"కరువుల మా అవ్వ నానవెట్టి, నాలుగు నీళ్లు ఒంపి, గటుక చేసేది బిడ్డా. ఎవలన్న జూస్తె ఇజ్జత్ వోతదని తలుపేసుకొని తినేటోళ్లం."

కాసేపాగి మెల్లగా అడిగింది: "కిలో ఎంతకమ్ముతవ్?"