గ్రూప్ మెంటర్‌షిప్ గారికి ఒక సర్జరీ పీజీ విన్నపం

గ్రూప్ మెంటర్‌షిప్ గారికి నమస్కారాలు.

నెలకోసారి, శనివారం సాయంత్రం నాలుగింటికి, సెమినార్ హాల్లో మీ దర్శనభాగ్యం కలుగుతోంది. పన్నెండు మంది పీజీలకు ఒక ప్రొఫెసర్ గారు. తిరుపతిలో చదువుతున్నాం కాబట్టి మాకిది వింతేమీ కాదు. గంటల తరబడి కంపార్ట్‌మెంట్‌లో కూర్చుని, తీరా స్వామి ఎదుటికొచ్చాక "జరగండి, జరగండి" అనిపించుకోవడం ఈ ఊళ్లో అందరికీ అలవాటే. "థీసిస్ ఎంతవరకొచ్చింది?" అని సార్ అడుగుతారు. "అవుతోంది సార్" అంటాం. తర్వాత ఫోటో.

డ్యూటీలో ఉన్నవాళ్లు ఎలాగూ రారు. డీఆర్‌పీ కింద, అంటే పీజీలు తప్పక చెయ్యాల్సిన జిల్లా ఆసుపత్రి డ్యూటీకి, మూడు నెలలు చిత్తూరు వెళ్లినవాడు ఫోన్లో లింకు తెరిచి జేబులో పడేసి డ్రెస్సింగులు చేసుకుంటుంటాడు. హాజరు మాత్రం పడిపోతుంది.

మీ అజెండాలో "మనసు విప్పి మాట్లాడండి" అని ఒక లైనుంది. విప్పుదామనే ఉంది. కానీ ఎదురుగా కూర్చున్నాయనే థీసిస్ గైడు, లాగ్‌బుక్‌లో సంతకం ఆయనదే, రేపు ప్రాక్టికల్స్‌లో ఇంటర్నల్ ఎగ్జామినరూ ఆయనే కావచ్చు. మంచాయనే, పాపం. అయినా నిద్ర చాలడం లేదని ఆయనతో ఎవరంటారు? ఏకబిగిన 12 గంటలకు మించి డ్యూటీ వద్దని మేం పుట్టకముందే, 1992లో, కేంద్ర ఆరోగ్యశాఖ రాసి పెట్టింది. రాసిన కాగితం రాసినట్టే ఉంది.

ల్యాప్‌లో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్లో, గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీసేటప్పుడు, దాంట్లోకి వెళ్లేవి రెండే రెండని, ఒక గొట్టం, ఒక రక్తనాళం అని, కళ్లారా చూసుకున్నాకే క్లిప్ వెయ్యాలి. ఆ గొట్టమే సిస్టిక్ డక్ట్. అదనుకుని, లివర్ నుంచి పైత్యరసాన్ని పేగుకు చేర్చే కామన్ బైల్ డక్ట్ కోస్తే ఆ పేషెంటు బతుకు మళ్లీ మామూలుగా ఉండకపోవచ్చు. ఆ క్లిప్ వేసే ముందు సార్‌కి ఎప్పుడైనా చెయ్యి వణికిందా అని అడగాలని మా పన్నెండు మందికీ ఉంది. పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

మొన్న రాత్రి రెండింటప్పుడు అపెండిక్స్ కేసు క్లోజ్ చేస్తుంటే, సీనియర్ అక్క ఏమీ అనకుండా నీడిల్ హోల్డర్ పట్టుకున్న నా మణికట్టును రవ్వంత తిప్పింది. సూది దాని దారిన అది పోయింది. ఇలాంటివి రాయడానికి మీ ఫారంలో కాలమ్ లేదు, గమనించగలరు.

ఒక్కటే మనవి. ఈసారి మాకు మార్కులు వేసే పనిలేని సర్జన్‌ని ఎవరినైనా పిలవండి, రిటైరైన వారైనా సరే. మేం నలుగురైదుగురం చొప్పున వస్తాం. సమోసాలు మావే. గదిలో మాట గది దాటదని సర్క్యులర్ మాత్రం ఇవ్వకండి, ఇచ్చారంటే ఉన్న కాస్త ధైర్యమూ పోతుంది.

ఇట్లు,
హాజరు పట్టీలో ఏడో నంబరు