చెవులు మూయకపోవడమే అసలు లాభం

స్పీకర్లున్న చలువ కళ్లద్దాలు వచ్చాక ఇయర్‌బడ్స్‌తో పనే లేదని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. నేనైతే అంత దూరం వెళ్లను. వీటిలో స్పీకర్ చెవిలోకి దూరదు. చెవి మీద ఆనే కాడలోనే ఉండి, చిన్న రంధ్రంలోంచి శబ్దాన్ని చెవి వైపు వదులుతుంది. అందుకే నడుస్తున్నా, సైకిల్ తొక్కుతున్నా వెనక నుంచి వచ్చే బండి హారన్ చక్కగా వినిపిస్తుంది. నా దృష్టిలో కొనడానికి ఈ ఒక్క కారణం చాలు.

కానీ చెవి తెరిచి ఉండటం వల్లే బేస్ (పాటలోని లోతైన, బరువైన శబ్దం) తేలిపోతుంది. రద్దీ రోడ్డు మీద మాట వినబడక వాల్యూమ్ పెంచేస్తాం. అది చెవులకు మంచిది కాదు, పైగా ఫోన్‌లో అటువైపు వాళ్లు మాట్లాడేది పక్కవాళ్లకూ తెలిసిపోతుంది. పాటల కోసమైతే వద్దనే చెబుతాను. కాల్స్‌కి, పాడ్‌కాస్ట్‌లకి హాయిగా సరిపోతాయి.

ఆ వ్యాసంలో రాని సంగతి ఇంకోటుంది. చీకటి పడ్డాక నల్లద్దాలు తీసేయాల్సిందే, వాటితోపాటే ఆడియో కూడా పోతుంది. బ్యాటరీ కూడా ఫ్రేమ్‌లోనే ఉంటుంది కాబట్టి, అది బలహీనపడితే మార్చుకోవడం కష్టం. కొనేముందు అద్దాలకు యూవీ 400 రక్షణ (ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే గుణం) ఉందో లేదో తప్పకుండా చూడండి. సైట్ ఉన్నవాళ్లు పవర్ అద్దాలు బిగించే వీలుందేమో కూడా అడగండి.