ధూపమాఘ్రాపయామి

మా బరంపురంలో యంత్రాలకి జరిగే మర్యాద అల్లుళ్లకి కూడా జరగదు. సెప్టెంబరు 17 వస్తే ఒడియా లెక్కన విశ్వకర్మ పూజ. ఆటోల నుంచి వెల్డింగ్ మిషన్ల దాకా అన్నిటికీ పూలదండలే. ఆ తర్వాత దసరాకి తెలుగు లెక్కన ఆయుధపూజ. మా ఇంట్లో రెండు లెక్కలూ చెల్లుతాయి గనక మా వెంటిలేషన్ మిషనుకి ఏడాదికి రెండు పూజలు. రెండేళ్లలో నాలుగు బొట్లు పెట్టించుకున్న దాని మూతకి స్క్రూడ్రైవరు మాత్రం ఒక్కసారీ తగల్లేదు.

దాని పేరు ఈఆర్‌వీ, అంటే ఎనర్జీ రికవరీ వెంటిలేటర్. ఆసుపత్రి వెంటిలేటర్ కాదు. ఇంట్లో వెంటిలేటర్ పెట్టించామని తెలిసి మా వియ్యంకులు బత్తాయిలు పట్టుకుని పరామర్శకి వచ్చేశారు.

గోపాల్‌పూర్ సముద్రం మాకు దగ్గర. వేసవిలో గాలి పిండని తడిబట్టలా ఒంటికి చుట్టుకుంటుంది. అందుకే ఏసీ వేసి, తలుపులు బిగించి పడుకుంటాం. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకి 420 పైచిలుకు. ఇద్దరు పడుకున్న మూసిన గదిలో అది తెల్లారేసరికి 1,000 సులువుగా దాటుతుంది. పొద్దున్నే వచ్చే తలనొప్పికి కారణం నువ్వంటే నువ్వని మా ఆవిడకీ నాకూ వాదన. మా అబ్బాయి ఈ పెట్టె బిగించి తగువు తీర్చాడు.

లోపలి పాత గాలిని ఒక ఫ్యాను బయటికి తోస్తుంది, బయటి గాలిని ఇంకోటి లోపలికి లాగుతుంది. రెండు గాలులూ కోర్ అనే అరల దిమ్మలోంచి పోతాయి గానీ కలుసుకోవు. మధ్యలో పల్చటి పొర. వచ్చే గాలి తన వేడినీ చెమ్మనీ చాలావరకు ఆ పొర మీదుగా పోయే గాలికి అప్పగించేస్తుంది. మాటల్లేని తోటికోడళ్లు గోడకి ఇటూ అటూ ఉండే ఒకరి వేడి ఇంకొకరికి తగిలించడం లాంటిదే ఇదీ.

దానితో ఒక పుస్తకం ఇచ్చారు. మూడు నెలలకోసారి ఫిల్టర్లు కడగమనీ, ఏడాదికోసారి కోర్ దులపమనీ, బయటి గొట్టం మూతి దగ్గర మంచు గడ్డకడితే తీసెయ్యమనీ ఉంది. అందులో మంచు సంగతి తు.చ. తప్పకుండా పాటించాం.

పోయిన ఆయుధపూజకి పౌరోహిత్యం నాదే. ‘శుద్ధోదక స్నానం సమర్పయామి’ అంటూ ఉద్ధరిణెతో నాలుగు చుక్కలు రేకు మూత మీద చల్లాను. ఆ స్నానం కావలసిన ఫిల్టర్ మూతకి బెత్తెడు లోపలుంది. తర్వాత ‘ధూపమాఘ్రాపయామి’. ఎన్నో ఏళ్లుగా ఎందరో దేవుళ్లకి ఆ మాట అన్నాను గానీ, నిజంగా ఆఘ్రాణించే దేవుణ్ణి ఇక్కడే చూశాను. సాంబ్రాణి పొగ జాలీ వైపు తిన్నగా వెళ్లింది. సగం లోపలికి పోయి, మిగతా సగం నా మొహం మీదికే వచ్చింది.

“దేవుడికి ముక్కు పట్టేసినట్టుంది” అంది మా ఆవిడ.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే “కాలి ఆసిబి” అన్నాడు. ఒడియాలో ఆసిబి అంటే వస్తాను, కాలి అంటే రేపు. నిన్నకి కూడా అదే మాట. ఆయన ఏది ఉద్దేశించాడో వారమైనా తేలలేదు.

చివరికి మా ఆవిడే స్విచ్ కట్టేసి స్టూలెక్కింది. పుస్తకంలో బొమ్మలో ఫిల్టర్ తెల్లగా ఉంది, మాది ముసలి పిల్లి రంగులో ఉంది. గోటితో గీకితే దుమ్ము రాల్లేదు, చాపలా చుట్టుకుని ఊడొచ్చింది. అందులో దోమ రెక్కలు, ఒక బల్లి తోక. మిగతా బల్లి కోసం కోర్ కూడా తియ్యాల్సొచ్చింది. బయటి జాలీ నిండా కందిరీగ మట్టిగూడు. వచ్చే దారి మూసుకుపోయినా బయటికి తోసే ఫ్యాను తోస్తూనే ఉంటుంది కదా, మరి ఇల్లు గాలి ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది? తలుపు సందుల్లోంచీ, బాత్రూం తూములోంచీ. ఇన్ని వేలు పోసి మేం పీల్చింది అదన్నమాట.

ఊపులో కోర్ కూడా కుళాయి కింద పెట్టబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. కొన్ని రకాలు కడగొచ్చట, మాది తడిస్తే పొర పాడవుతుందట. వాక్యూమ్‌తో పైపైన లాగాలంతే. ఫిల్టర్లు మాత్రం సబ్బునీళ్లలో జాడించి డాబా మీద అప్పడాల పక్కన ఆరేసింది. తడి ఆరకుండా బిగిస్తే బూజు పడుతుందట. ఇంట్లో పుస్తకం చదివిన మనిషి ఉందని నాకు రెండేళ్లకి తెలిసింది.

పంచాంగకర్తలకి నాదొక మనవి. మూడు నెలలకోసారి ‘ఫిల్టర్ స్నానం’ అని ఒక పర్వదినం వెయ్యండి. ఆ రోజు కడగనివాళ్లు వచ్చే జన్మలో ఎగ్జాస్ట్ ఫ్యానై పుడతారని ఫలశ్రుతి కూడా రాయండి. పాపం అంటే ఉన్న భయం వారంటీ అంటే మాకు లేదు.

మూత బిగించాక అలవాటు కొద్దీ ఒక బొట్టు పెట్టాను. సాయంత్రానికి మెకానిక్ వచ్చాడు. స్టూలెక్కి, మూత మీద తాజా కుంకుమ చూసి, దణ్ణం పెట్టుకుని దిగాడు.

“సబు ఠిక్ అఛి” అన్నాడు, అంతా బాగానే ఉందని. విజిటింగ్ చార్జీ 300 రూపాయలు.