పన్నెండూ యాభై గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన పన్నెండూ యాభై గారికి నమస్కరించి రాయునది.

మీరు నన్ను గుర్తుపట్టలేరు. మనం ఒక్కసారైనా ముఖాముఖి కలుసుకున్నది లేదు. అయితే 26 ఏళ్లుగా ఆహ్వాన పత్రికల మీద మీ పేరు చూస్తూనే ఉన్నాను. మా విశ్వవిద్యాలయం న్యాయశాస్త్ర విభాగంలో పర్యావరణ చట్టాలు, విధానాల మీద జాతీయ సదస్సు జరిగిన ప్రతిసారీ, ఉదయం కార్యక్రమాల వరుసలో చిట్టచివర, భోజన విరామానికి సరిగ్గా పై గీతలో, 'మ. 12.50 – 1.00: ప్రశ్నలు, చర్చ' అని మిమ్మల్ని అచ్చువేస్తాం. ప్రారంభోపన్యాసానికి ఎంత అక్షరమో మీకూ అంతే అక్షరం. మీరు రారన్న సంగతి కన్వీనరుకు తెలుసు, సభికులకు తెలుసు, డేగిసా కింద మంట ఎప్పుడు తగ్గించాలో లెక్క చూసుకునే వంటమేస్త్రికి మరీ బాగా తెలుసు. అయినా మీ పేరు లేని ఆహ్వాన పత్రిక మా విభాగం నుంచి ఒక్కటీ బయటికి వెళ్లలేదు. పిలుపులో ఉండి పీటమీద లేని అతిథి మీరొక్కరే.

ఆ ఉదయం ఎటు కరిగిపోతుందో మీరు ఎన్నడూ చూడలేదు గనుక విన్నవిస్తున్నాను. పది గంటలకని వేసిన సభ, ముఖ్య అతిథి కారు గేటు దాటిందన్న ఫోను వచ్చేదాకా కదలదు. ఆ తరువాత జ్యోతి ప్రజ్వలన. ఏసీ గాలికి వత్తి నిలవదు గనుక నలుగురు పెద్దమనుషులు నాలుగు అగ్గిపుల్లలతో అయిదు నిమిషాలు శ్రమిస్తారు. అతిథులకు పూలగుత్తులు ఇవ్వడం పర్యావరణానికి మంచిది కాదని మూడేళ్ల కిందట తీర్మానించి, వాటికి బదులు నల్ల పాలిథిన్ సంచిలోని మొక్కను, ఆ సంచి కనిపించకుండా మెరుపు కాగితం చుట్టి మరీ అందిస్తున్నాము. ఆ పైన శాలువా. శాలువా కప్పుతుండగా ఫోటో, ఫోటో సరిగా రాలేదని మళ్లీ శాలువా. ఆ ఫోటో అడుగున అక్షాంశ రేఖాంశాలు పడితేనే విశ్వవిద్యాలయాల నాణ్యతను తూచే న్యాక్ తనిఖీ బృందం లెక్కలో సదస్సు జరిగినట్టు. రాత్రిపూట ట్యాంకరు ఏ వాగులో ఏం ఒంపి పోయిందో తెల్లవారి ఎవరూ చెప్పలేరు గానీ, మేము ఏ రేఖాంశం మీద ఎవరికి శాలువా కప్పామో మాత్రం సెకన్లతో సహా చెప్పగలం.

ఇక ఉపన్యాసాలు. మొదటి వక్త అథర్వవేదంలోని 'మాతా భూమిః పుత్రోఽహం పృథివ్యాః' అన్న వాక్యంతో మొదలుపెట్టి, ఒక్క అంగలో 1972 జూన్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు జరిగిన స్టాక్‌హోమ్ చేరుకుంటారు. అక్కడ ఇందిరాగాంధీ ప్రసంగం వినిపించి, 1974 నీటి కాలుష్య చట్టం మీదుగా, 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ దగ్గర కాసేపు ఆగి 48-ఎ, 51-ఎ(జి) అధికరణాలు చదివి, 1981 వాయు కాలుష్య చట్టం దాటి, 1984 డిసెంబరులో భోపాల్ చేరి కళ్లజోడు తుడుచుకుని, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టంతో ముగిస్తారు. రెండవ వక్త మళ్లీ అథర్వవేదం దగ్గరే రైలెక్కుతారు. మూడవవారూ అంతే. నాలుగవవారు 'నా ముందు మాట్లాడిన పెద్దలు అన్నీ చెప్పేశారు గనుక క్లుప్తంగా రెండు మాటలు' అన్నారంటే ఇంకో ముప్పావు గంటకు లోటు లేదని అర్థం. అందువల్ల మా సభాభవనంలో భారతదేశ పర్యావరణ చరిత్ర 1986 దాటి ముందుకు వచ్చింది లేదు. 1992 నాటి రియో ధరిత్రీ సదస్సుకు చేరకముందే ఒంటిగంట కొడుతుంది. రియో ప్రకటనలోని 10వ సూత్రం ఏమంటుందో తెలుసునా? పర్యావరణ విషయాలలో సంబంధిత పౌరులందరికీ సమాచారం అందాలనీ, నిర్ణయాలలో పాలుపంచుకునే అవకాశం ఉండాలనీ అంటుంది. అంటే మీ గురించే. అందుకే కాబోలు అక్కడిదాకా ఎవరూ రారు.

మీరు వచ్చి ఉంటే ఏం జరిగేదో ఒక్క ఉదాహరణ చెబుతాను. మొన్నటి సదస్సులో తెరమీద ఒక స్లైడు వేశారు. పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని ఉల్లంఘిస్తే 5 ఏళ్ల దాకా జైలు అని ఎర్ర అక్షరాలలో ఉంది; విద్యార్థులు వంచిన తల ఎత్తకుండా రాసుకున్నారు. ఆ జైలుశిక్షను 2023 నాటి జన్ విశ్వాస్ చట్టం తీసివేసి, దాని స్థానంలో 10,000 రూపాయల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టింది. 2024 ఏప్రిల్ నుంచి అదే అమలులో ఉంది. ఆ జరిమానా విధించేది న్యాయమూర్తి కాదు, ప్రభుత్వం నియమించిన అధికారి. మూడవ వరుసలో కూర్చున్న ఒక అమ్మాయికి ఈ సంగతి తెలుసు. ఆమె చెయ్యి ఎత్తింది కూడా. సమయాభావం వల్ల ఆ చేతిని సభ గుర్తించలేకపోయింది. పరీక్షలో ఆమె 15 లక్షలనీ, తక్కినవారు 5 ఏళ్లనీ రాసినప్పుడు పేపరు దిద్దినవారు ఎవరికి మార్కులు వేశారో నేను విచారించలేదు, ధైర్యం చాలలేదు.

హైదరాబాదులో జరిగే పర్యావరణ న్యాయ సదస్సుకు మరో విశేషం ఉంది. మన గొప్ప తీర్పొకటి మన మంచినీళ్లలోంచే పుట్టింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు 10 కిలోమీటర్ల లోపల ఒక నూనెల కర్మాగారం పెట్టవచ్చునా అన్న తగవు ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడుకీ మధ్య కేసుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాధరావు రాసిన తీర్పులో, హాని జరుగుతుందని ప్రజలు రుజువు చేయనక్కరలేదు, జరగదని పరిశ్రమ పెట్టేవారే రుజువు చేయాలి అన్న ముందుజాగ్రత్త సూత్రం కుదురుకుంది. శాస్త్రజ్ఞులు కూర్చునే పర్యావరణ న్యాయస్థానం కావాలన్న ఆలోచనకూ ఆ తీర్పు నీరు పోసింది; ఆయనే తరువాత లా కమిషన్ అధ్యక్షులుగా 2003లో అలాంటి న్యాయస్థానాల మీద 186వ నివేదిక ఇచ్చారు; 2010లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టం వచ్చింది. ఇదంతా మా వేదిక మీద ఎంతో గర్వంగా చెబుతారు. ఆ జలాశయాల చుట్టూ 84 గ్రామాలకు 1996లో రక్షణ కల్పించిన 111వ జీవో ఆంక్షలను 2022 ఏప్రిల్‌లో 69వ జీవో ఎత్తివేసిందన్న ముక్క మాత్రం ఎవరూ చెప్పరు. తీర్పు తరగతి గదిలో ఉంది, జలాశయం గండిపేటలో ఉంది, ఆ రెంటికీ నడుమ దారి వేయవలసింది మీరు.

మిమ్మల్ని మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. మీ వంశంలోనే ఈ లక్షణం ఉంది. మీ అన్నగారు ప్రజాభిప్రాయ సేకరణ గారిని నేను ఎరుగుదును. పరిశ్రమకు అనుమతినిచ్చే ముందు పర్యావరణానికి కలిగే హానిని లెక్కగట్టమనే పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషను 1994లో వచ్చినప్పుడు ఆయన ఇంకా పుట్టలేదు, 1997లో పుట్టారు, 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషనులో ఆయనకు ఉద్యోగ నియమావళి ఏర్పడింది. ఎంత అందమైన నియమావళి! కనీసం 30 రోజుల ముందు పత్రికలో ప్రకటించాలి, జిల్లా కలెక్టరో ఆయన ప్రతినిధో అధ్యక్షత వహించాలి, హాజరైన ప్రతి ఒక్కరికీ ప్రశ్న అడిగే అవకాశం ఇవ్వాలి, చివరలో సారాంశాన్ని అక్కడివారి భాషలో చదివి వినిపించాలి, మొత్తం వీడియో తీయాలి. అదే నియమావళిలో ఒక చిన్న వాక్యం కూడా ఉంది: సభ మొదలుపెట్టడానికి ఇంతమంది హాజరు కావాలన్న నిబంధన ఏదీ లేదు. అంటే ప్రజలు లేకుండానే ప్రజాభిప్రాయ సేకరణ ప్రారంభించవచ్చును. దాన్ని చదివిన రోజున, ప్రశ్నలు లేకుండానే ప్రశ్నోత్తరాలు ముగించే మా ఆచారం మా సొంతం కాదనీ, చట్టసమ్మతమైన సంప్రదాయమనీ నాకు కొంత ఊరట కలిగింది.

2020లో ఆ 30 రోజులను 20 చేయాలని ముసాయిదా వచ్చింది. ముసాయిదాను రాజ్యాంగం 8వ షెడ్యూలులోని 22 భాషలలోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెబితే, కేంద్ర మంత్రిత్వశాఖ ఆ ఆదేశం మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. భాష మాట వచ్చింది గనుక మా ఇంటి గుట్టూ చెబుతాను. మా సదస్సులో తెలుగు వినిపించేది రెండే చోట్ల: ప్రార్థనా గీతంలో, మైకు పనిచేయనప్పుడు.

అసలు ఈ సదస్సులన్నిటికీ మూలం ఎక్కడుందని వెదికితే న్యాయస్థానంలోనే దొరికింది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న, బడులలోనూ కళాశాలలలోనూ పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయమనీ, సినిమా హాళ్లలో ప్రతి ఆటకూ కనీసం రెండు స్లైడ్లు ఉచితంగా వేయమనీ ఆదేశించింది. సినిమా హాళ్లలో ఆ స్లైడ్లు ఇప్పుడు నాకు కనిపించడం లేదు. అవి మా సభాభవనానికి వలస వచ్చాయని నా అనుమానం. రంగులు చూస్తే ఆ కాలానివే అనిపిస్తాయి.

మరొక సంగతి మీకు కష్టం కలిగించినా చెప్పక తప్పదు. మీరు రాని చోట కూడా ప్రశ్నలు పుట్టాయి. బొర్రా, అనంతగిరి ప్రాంతంలో గిరిజనుల భూమిని గనుల కంపెనీలకు ఎలా ఇస్తారని 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ అడిగితే 1997లో సుప్రీంకోర్టు అలా ఇవ్వడం చెల్లదంది. పటాన్‌చెరులో పరిశ్రమల పక్కన పారే నక్కవాగు నీళ్లు ఎందుకిలా అయ్యాయని ఊళ్లు అడిగాయి, వారి వెంట వైద్యుడు అల్లాని కిషన్‌రావు దశాబ్దాల పాటు అడిగారు. 1990లో సుప్రీంకోర్టు చేరిన ఆ వ్యాజ్యం హైకోర్టు మీదుగా హరిత ట్రైబ్యునల్ దాకా నడిచింది. 2025 మార్చి నెలాఖరులో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలలోకి పొక్లెయిన్లు దిగినప్పుడు, పక్కనే ఉన్న విశ్వవిద్యాలయం విద్యార్థులు ఆహ్వాన పత్రిక లేకుండానే, ఎండలో నిలబడి అడిగారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి చెట్ల నరికివేత ఆపించింది. వీరెవరికీ 12.50 దాకా ఆగే ఓపిక లేకపోయింది.

ఓపిక పట్టిన ఒక్క మనిషి గురించి చెప్పడానికే ఈ లేఖ.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఒక రైతు మా సదస్సుకు వచ్చాడు. ఊరు పేరు చెప్పను. ఫ్లెక్సీ మీద 'నీరు' అన్న మాట చూసి లోపలికి వచ్చానన్నాడు. భుజాన సంచి, సంచిలో కూల్‌డ్రింకు సీసా, అందులో ఉసిరికాయ రంగు నీళ్లు. వెనక వరుసలో సీసాను ఒళ్లో పెట్టుకుని, స్టాక్‌హోమ్‌ను నాలుగుసార్లు ఓపికగా విన్నాడు. మైకు నా చేతిలో ఉంది. గడియారం 1.10 చూపుతుండగా, 'మిగిలిన సందేహాలు కాగితం మీద రాసి ఇవ్వండి, వక్తలు వ్యక్తిగతంగా సమాధానం పంపుతారు' అన్నది నేనే. పక్కనున్న విద్యార్థి చేత రాయించి, ఆ చీటీ నాకు అందించి, దండం పెట్టాడు. కూపను లేదు గనుక ఆయనకు భోజనం పెట్టలేకపోయాం.

ఈ ఏటి సదస్సు కోసం కోటు ఇస్త్రీకి ఇవ్వబోతూ జేబు వెదికితే ఆ చీటీ దొరికింది. 'మా బోరుల నీళ్లు ఇట్ల వచ్చుడు వట్టి అయిదు నెలలైతుంది. ఎక్కడ దరఖాస్తు పెట్టాలె? ఎన్ని రోజులలో పెట్టాలె?' అంతే. రెండు ప్రశ్నలు. హరిత ట్రైబ్యునల్ దక్షిణ ధర్మాసనం చెన్నైలో ఉంటుంది. నష్టపరిహారం అడగని దరఖాస్తుకు రుసుము 1000 రూపాయలు, మా సదస్సు రిజిస్ట్రేషను కన్నా 200 తక్కువ. ఆ ట్రైబ్యునల్ చట్టం 14వ సెక్షను కింద గడువు 6 నెలలు. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. నష్టపరిహారానికి 15వ సెక్షను కింద 5 ఏళ్ల దాకా వ్యవధి ఉంది లెండి. ఇదంతా గట్టిగా చదివి చూసుకున్నాను: ఒక నిమిషం 10 సెకన్లు పట్టింది. ఆ రోజు ఆయన చేతిలో ఇంకా నెల ఉంది, గట్టిగా వాదిస్తే మూడు నెలలు ఉన్నాయి. నా కోటు జేబులో పన్నెండు నెలలు గడిచాయి.

చీటీ మీద ఫోను నంబరు ఉంది. రెండుసార్లు చేశాను, ఎత్తలేదు, మళ్లీ చేస్తాను. ఈలోగా ఈ ఏటి ఆహ్వాన పత్రిక ప్రూఫు దిద్దడానికి నా బల్ల మీదికి వచ్చింది. మీ పేరు యథాప్రకారం ఉంది. దాన్ని కొట్టివేసి ఉదయం 10 గంటలకు, దీపం వెలిగించక ముందే మిమ్మల్ని పిలవాలని ఎర్ర సిరాతో రాసి పంపాను. ప్రూఫు తిరిగి వచ్చింది. మీరు మళ్లీ 12.50కే చేరారు, నా బాధ్యతలు మాత్రం మారాయి. ఈసారి మైకు వేరొకరికి ఇచ్చారు. నాకు భోజన కూపన్లు అప్పగించారు. వెనక వరుసలో కూర్చునేవారి కోసమని ఓ నాలుగు పక్కన తీసిపెట్టాను.

ఇట్లు,
మీ రాకకై ఎదురుచూసే
కూపన్ల ఇన్‌ఛార్జి