మహారాజశ్రీ సూపర్‌చార్జర్ గారికి

మహారాజశ్రీ సూపర్‌చార్జర్ గారి దివ్య సముఖానికి,

డెట్రాయిట్ పక్కన ట్రాయ్ ఊరి నుంచి ఒక ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కారు యజమాని నమస్కరించి రాసుకునే విన్నపం ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. ఇంజన్ తిరిగినంతసేపూ తమరూ తిరుగుతూనే ఉంటారు గనక తమరి క్షేమం అడగనక్కర్లేదు.

నా బండిది 5.0 లీటర్ల వీ8 ఇంజన్. 460 హార్స్‌పవర్. ఆఫీసుకు పోయి రావడానికీ, శనివారం ఇండియన్ స్టోర్ నుంచి సోనామసూరి బస్తా తెచ్చుకోవడానికీ ఇది చాలదని నాకు గట్టిగా తోచింది. ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపు చూడ్డానికి వెళ్లి, రోడ్డు పక్కన మడత కుర్చీలో కూర్చుని తమరి ఈల విన్నప్పటి నుంచీ ఇదే జబ్బు. ఇంజన్లోకి గాలి కూరి బలం పెంచే పనికి తమరిని కొలువులో పెట్టుకోవాలా, తమరి దాయాది టర్బోచార్జర్ గారినా అన్నదే ఇప్పుడు నా టెన్షన్.

తమరి వంశచరిత్ర తిరగేశాను. ఇండియానా రాష్ట్రం కానర్స్‌విల్‌లో రూట్స్ అన్నదమ్ములు 1860లో పేటెంట్ తీసుకున్న గాలి యంత్రం తమరి మూలపురుషుడు. కొలుములకు గాలి ఊదడం ఆయన వృత్తి. తర్వాతి తరం జనరల్ మోటార్స్ టూ-స్ట్రోక్ డీజిల్ ఇంజన్లలో కుదురుకుంది. ఆ ఇంజన్లు సొంతంగా ఊపిరి పీల్చుకోలేవు, బయటి నుంచి ఎవరో ఊదాలి. లారీలూ బస్సులూ తుక్కుకు పోయాక పాత కార్లకు జోరు పెంచుకునే హాట్‌రాడ్ కుర్రాళ్లు తమరిని ఊడదీసి పెట్రోల్ వీ8 నెత్తిన కూర్చోబెట్టారు. 6-71 అన్న తమరి బిరుదు ఏ పందెంలోనూ గెలిచింది కాదు. ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 క్యూబిక్ అంగుళాలు అని ఆ డీజిల్ ఇంజన్‌కు రాసుకున్న లెక్క. బానెట్‌కు కన్నం పెట్టించుకుని బయటికి తల ఎత్తిన తమరి దర్జా ముందు ఆ బస్సు డ్యూటీ ఎవరికి గుర్తుంటుంది?

ఇక తమరి కమీషన్ సంగతి. సిలిండర్లోకి గాలి ఎక్కువ కూరితే పెట్రోలు ఎక్కువ కాల్చవచ్చు, బలం పెరుగుతుంది, బాగుంది. ఆ గాలి కూరే ఖర్చును తమరు క్రాంక్‌షాఫ్ట్‌కు బెల్టు తగిలించి పట్టపగలే గుంజుకుంటారు. 2015 డాడ్జ్ హెల్‌క్యాట్ 707 హార్స్‌పవర్‌తో వచ్చినప్పుడు, పూర్తి జోరులో దాని సూపర్‌చార్జర్‌ను తిప్పడానికే 80 హార్స్‌పవర్ దాకా పోతుందని తయారుచేసినవాళ్లే చెప్పారు. ఇండియాలో మారుతి స్విఫ్ట్ కుటుంబం మొత్తాన్ని మోసేది దాదాపు అంతే. అయినా ముట్టాల్సింది ముట్టాక తమరి టేబుల్ మీద ఫైలు ఆగదు. పెడల్ తొక్కీ తొక్కగానే సంతకం అయిపోతుంది. వెనక టైర్లకు పట్టు దొరకదన్నది వేరే డిపార్ట్‌మెంట్ గొడవ.

టర్బో గారు చేయి చాచని ఆఫీసరు. ఎగ్జాస్ట్‌లో పారేసే వేడి పొగతోనే చక్రం తిప్పుకుంటారు. కాకపోతే పొగ రావాలి, టర్బైన్ వేగం అందుకోవాలి, బూస్ట్, అంటే గాలి ఒత్తిడి, పుట్టాలి. అంతవరకూ దయచేసి వేచి ఉండండి. ఈలోగా పచ్చలైటు పడి పక్క కారు వెళ్లిపోతుంది. పైగా ఆయన నిజాయితీ మీద నాకు కొంచెం అనుమానం. పొగ దారికి అడ్డంగా కూర్చుంటారు కదా, దాన్ని నెట్టడానికి ఇంజన్ అదనంగా కష్టపడాలి. అదీ ఖర్చే, రసీదు ఉండదంతే. తమరి ఇంట్లోనే సెంట్రిఫ్యూగల్ అని ఇంకొకాయన ఉన్నారు. బెల్టు తమరిది, గాలి చక్రం టర్బో వారిది. కమీషనూ తీసుకుంటారు, ఇంజన్ వేగం పుంజుకునేదాకా పనీ చేయరు.

టర్బో గారికి ఈ ఊళ్లో మొదట్లోనే పరువు పోయింది. 1962లో ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ వచ్చింది. ఇంజన్ నాక్ కొట్టకుండా, అంటే పెట్రోలు వేళకాని వేళ పేలకుండా, నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవం ఒక చిన్న ట్యాంకులో పోస్తూ ఉండాలి. దానికి టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని పేరు. రాకెట్ కొన్న మారాజులు ట్యాంకు నింపడం మర్చిపోయారు. చివరికి చాలా కార్లకు టర్బో పీకేసి మామూలు కార్బ్యురేటర్ బిగించారు. మళ్లీ 1987లో నల్లటి బ్యూక్ జీఎన్‌ఎక్స్ వచ్చింది. 547 బండ్లే. 3.8 లీటర్ల వీ6, ఒక్క టర్బో, కాగితం మీద 276 హార్స్‌పవర్. ఆ ఏడు వీ8 ఉన్న కార్వెట్ స్పోర్ట్స్ కారుకు 240. ముసలాళ్ల కారు కంపెనీ చేతిలో వీ8 వారసులకు జరిగిన ఆ మర్యాద గురించి తమరి సభల్లో ఎవరూ మాట్లాడరు.

అయినా కొలువు తమరికే. ఇన్‌టేక్ మానిఫోల్డ్ తీసి ఆ స్థానంలో తమరిని కూర్చోబెట్టి, బెల్టు వేసి, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పంపు బిగిస్తే ప్రతిష్ఠ అయిపోయినట్టే. టర్బో గారికైతే ఎగ్జాస్ట్ గొట్టాల వాస్తు మార్చాలి, ఆయిల్ లైను లాగాలి, పక్కనున్న వైర్లు కరగకుండా కవచాలు తొడగాలి.

షరతులు రెండే. ఎండలో నాలుగుసార్లు వరసగా తొక్కితే తమరు వేడెక్కి గాలినీ వేడెక్కిస్తారని, కంప్యూటర్ భయపడి ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగి బలం తగ్గిస్తుందని విన్నాను. అతిథులు చూస్తున్నప్పుడు ఆ పని చేయవద్దు. రెండోది, చిన్న పుల్లీ వేయిస్తే ఇంకా వేగంగా తిరుగుతానని నెల తిరక్కుండా నా చెవిలో ఊదవద్దు. నా ఇంజన్ సిలిండర్లో గాలిని నొక్కే కంప్రెషనే 12:1, అసలే ఎక్కువ. పిస్టన్లు పగిలితే తమరు ఇంకో బండి నెత్తిన కూర్చుంటారు, కంతులు నేను కడతాను.

ఇట్లు,
తమరి బెల్టుకు కట్టుబడిన విధేయుడు

తా.క.: డాడ్జ్ వారి కొత్త చార్జర్‌లో తమరికి చోటు లేదు. ఆరు సిలిండర్లకు రెండు టర్బోలు పెట్టి 550 హార్స్‌పవర్ అంటున్నారు. అదే కారు కరెంటుతో నడిచేదీ ఉంది. దానికి ఇంజనే లేదు, గర్జన మాత్రం వెనక నుంచి వస్తుంది. అందుకోసం ప్రత్యేకంగా చప్పుడు పెట్టె అమర్చారు. దాయాదిని తర్వాత తిట్టుకోవచ్చు, ముందు ఆ పెట్టె సంగతి చూడండి. అది కమీషన్ కూడా అడగదట.