పిస్తోలుకి కుంకుమ బొట్టు

మొన్న దసరాకి ఇక్కడ టెక్సాస్‌లో మన తెలుగు సంఘం ఆయుధ పూజ బల్ల మీద ఏమున్నాయో వచ్చినవాళ్లందరూ చూశారు. ఎవరూ నోరు విప్పడం లేదు కాబట్టి నేనే రాస్తున్నా. లాప్‌టాప్‌లు, కారు తాళాలు, ఎవరిదో కత్తెర, ఒక స్టెతస్కోపు, వాటి మధ్య పసుపు గుడ్డ మీద నల్లటి పిస్తోలు. దానికి కుంకుమ బొట్టు, పైన రెండు బంతిపూలు. పంతులుగారు ఒక్క క్షణం ఆగి, దాని మీద కూడా నాలుగు అక్షింతలు వేసి పక్కకి జరిగారు. మా ఏడేళ్ల పాప "అమ్మా, ఇది బొమ్మదా?" అంటూ చెయ్యి చాపింది. ఆ చెయ్యి లాగేసిన ఊపుకి నా గాజు ఒకటి చిట్లింది.

ఆ పిస్తోలు తెచ్చిన అన్నని అడిగాను. మంచి మనిషే, మేం కొత్తగా దిగినప్పుడు మా సోఫా మూడో అంతస్తుకి మోసినవాడు. "లోడ్ చెయ్యలేదమ్మా. అయినా ఇది టెక్సాస్, కాన్‌స్టిట్యూషన్‌లోనే రాసుంది" అన్నాడు నవ్వుతూ. కమిటీవాళ్లేమో "పండగ పూట గొడవెందుకక్కా" అని పులిహోర ప్లేటు చేతిలో పెట్టారు.

రాసుందో లేదో ఆ రాత్రే చూశాను. రాసుంది. 1876 నాటి టెక్సాస్ రాజ్యాంగం, మొదటి ఆర్టికల్, 23వ సెక్షన్: తననీ, రాష్ట్రాన్నీ కాపాడుకోవడానికి ఆయుధం పట్టే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. అన్న చెప్పింది అక్కడిదాకానే. ఆ వాక్యం ఇంకా ఉంది, 'కానీ' అని సాగుతుంది, నేరాలు జరగకుండా చూసేందుకు ఆయుధాలు వెంటేసుకు తిరగడాన్ని చట్టంతో అదుపు చేసే అధికారం శాసనసభదని.

1845 రాజ్యాంగంలో ఈ మెలిక లేదు. అమెరికా అంతర్యుద్ధం అయ్యాక 1869లో, వేరే మాటల్లో, వచ్చింది. 1870లో చేసిన చట్టం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ జలదరించింది: చర్చిలు, బడులు, డాన్సు హాళ్లు, పోలింగు చోట్లు, ఆడా మగా కలిసే వేడుకలు, వీటిలోకి తుపాకీ తెస్తే 50 నుంచి 500 డాలర్ల జరిమానా. మన దసరా అచ్చంగా ఆ లిస్టులోదే కదా! మరుసటి ఏడు గవర్నర్ ఎడ్మండ్ డేవిస్ హయాంలో పిస్తోలు వెంట పెట్టుకోవడాన్నే దాదాపు ఆపేశారు. ఆ డేవిస్ అంటే గిట్టనివాళ్లే 1875లో కూర్చుని కొత్త రాజ్యాంగం రాశారు, గవర్నర్ అధికారాలు బాగా కత్తిరించారు, ఈ మెలికని మాత్రం తీసెయ్యలేదు, మాటలు మార్చారంతే. టెనెసీ రాష్ట్రం 1870లో రాసుకున్న 'కానీ' మాటలే దాదాపు అలాగే దించుకున్నారు. కెంటకీ రాష్ట్రం ఇంకా ముందు. చేతికర్రలో కత్తి దాచుకున్న ఒకాయన కేసులో 1822లో అక్కడి కోర్టు దాచిన ఆయుధాల మీద నిషేధం చెల్లదంటే, వాటిని ఆపే అధికారాన్ని 1850 రాజ్యాంగంలోనే రాసేసుకున్నారు.

అన్న వైపు న్యాయం లేదనను. ఇలాంటి అదుపుల చరిత్రంతా మంచిదేమీ కాదు. టెనెసీ 1834లో ఆ హక్కుని తెల్ల మగవాళ్లకే ఇచ్చింది. అంతర్యుద్ధం తర్వాత ఇక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ల చేతుల్లోంచి తుపాకులు లాక్కోవడానికే చట్టాలు చేశారు. రాత్రిపూట గ్యాస్ స్టేషన్లో ఒంటరిగా కూర్చునే మన పిల్లల భయం కూడా తెలుసు. ఇంట్లో ఉంచుకోండి, ఎవరొద్దన్నారు?

ఇండియాలో మన పోలీసులు రైఫిళ్లకి పూజ చెయ్యరా అని వాట్సాప్‌లో ఒకరు అడిగారు. చేస్తారు, అయ్యాక లోపల పెట్టి తాళం వేస్తారు. అక్కడ ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు కూడా చాలావరకు స్టేషన్లో అప్పజెప్పాల్సిందే. మన ఊళ్లేమీ శాంతి నిలయాలు కావు లెండి, దొర గడీలో గోడకి తుపాకీ వేలాడుతుంటే మా తాత చెప్పులు చేతిలో పట్టుకుని దాని ముందు నుంచి నడిచాడు. జగిత్యాలలో మా నాన్న సైకిల్ షాపులో మాత్రం దసరా రోజు స్పానర్లు, గాలి పంపు, పంక్చర్ డబ్బా కడిగి బొట్లు పెట్టేవాడు, చీకటి పడేదాకా ఒక్క బోల్టు తిప్పనిచ్చేవాడు కాదు. సాయంత్రం జమ్మి ఆకు పంచుకునేవాళ్లం. పాండవులు ఆ చెట్టు మీద ఆయుధాలు పెట్టింది శవంలా మూటగట్టి, ఎవరూ ముట్టుకోకుండా.

2021 నుంచి ఇక్కడ 21 నిండిన చాలామందికి చేతితుపాకీ వెంట పెట్టుకోవడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. గుడి అయినా హాలు అయినా, వద్దనుకుంటే మనమే ముందు చెప్పాలి. 2023లో అలెన్ మాల్ కాల్పుల్లో మన తెలుగమ్మాయి పోయినప్పుడు కొవ్వొత్తులు వెలిగించిన కమిటీయే కదా ఇది. హాలు వాళ్లతో మాట్లాడి తుపాకులు లోపలికి తేవద్దని చెప్పే 30.05, 30.06, 30.07 బోర్డులు (అవి టెక్సాస్ శిక్షాస్మృతి సెక్షన్ల నంబర్లు) పెట్టించండి, అంగుళం అక్షరాలతో, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉండాలి, చట్టం అదే అడుగుతుంది. డబ్బులు నేనిస్తా. చట్టం అడక్కపోయినా కింద తెలుగులో ఒక లైను రాయించండి. సాంబారు కౌంటర్ వెనక కాదు, తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట పెట్టండి.